రెండు కిలోలా నూరు

దినామూ నాపబండలు ఎత్తే చేతులే,
బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో.
రెండు కిలోలా నూరు గ్రాముల బిడ్డను
ఎత్తుకోమంటే వణికినాయి.

కర్నూలు పెద్దాసుపత్రిలో నన్నడిగింది
ఆధార్ కార్డు, సంతకం.

పదకొండు రాత్రులాయె.
బిడ్డ ఏడ్చినా లేస్తా, ఏడవకున్నా లేస్తా,
ముక్కు కింద వేలుపెట్టి చూస్తా.
కుట్ల నొప్పితో పడుకోనుంటాది సుంకులమ్మ,
ఆమెకెట్ల చెప్పేది?

షిఫ్టు దిగినాక ఆటో దస్తగిరి
టీ గ్లాసిచ్చి అన్యాడు:
"మా పెద్దోడు పుట్టినప్పుడు
తుంగభద్ర బ్రిడ్జి మీద ఆటో ఆపి
శానాసేపు నిలబన్యా అబ్బీ.
ఎవురికీ చెప్పలా."

టీలో రాతిపొడి తెల్లగా తేలింది.
తాగినా.

"రేపు సూదికి పోయేటప్పుడు
డాక్టరమ్మకు నీ సంగతీ చెబుదాం" అన్యాడు,
ఆటో తిప్పుకుంటా.

ఖాళీ గ్లాసు తిరిగిచ్చేది
మర్సిపోయినా.