రెండు చుక్కల హోటలు

ఓనరు ఒకటే మాటన్నాడు: ఐదు రాత్రులు, ఇద్దరికీ కలిపి ఇంత.
మిగిలితే మీకే, చాలకపోతే మీదే.
వెరోనాలో రాళ్ల సంత. కొత్త పాలిష్ మిషను చూసి రావాలి
నేనూ, గ్యాంగ్‌సా చెంచురామయ్యా.

చీమకుర్తిలో కరెంటు పోయిన మధ్యాహ్నం,
షెడ్డు వెనక, స్లరీ ఎండి తెల్లబడ్డ గోడ నీడన
ఒక ఫోను, రెండు తలకాయలు.
వేలితో తోస్తుంటే హోటళ్లు పైకి పోతున్నాయి
బెల్టు మీద పలకల్లాగా.
ఒక్కోదాని పేరు పక్కన చుక్కలు. రెండు, మూడు, నాలుగు.
మా రాయిక్కూడా చుక్కల్ని బట్టే రేటు,
ఆ సంగతి మాకెవరూ నేర్పక్కర్లేదు.

చెంచురామయ్య మంచాలు చూస్తాడు.
"ఇద్దరికీ ఒకటే దుప్పటేందబ్బా" అంటాడు.
నేను నేల చూస్తాను.
ఇరవై రెండేళ్లుగా నేలలు చేసి బతికినోణ్ని,
ఏ ఫొటో అయినా అడుగు నుంచే చదవడం అలవాటు.
ఈ హోటల్లో స్కర్టింగు వంకర.
దీంట్లో పలకకీ పలకకీ మధ్య చీమల బారు నడిచేంత సందు.
ఇదసలు రాయే కాదు, రాయి బొమ్మ అచ్చేసిన టైలు:
ఒకటే మరక నాలుగు చోట్ల.
అబద్ధమాడేవాడు కూడా రెండోసారి కాస్త మార్చి చెబుతాడు గదా.

తిండి సంగతి ఇంకా ఘోరం.
ఒకచోట గుర్రం కూర.
"బండికి కట్టేదాన్నా?" అని
చెంచురామయ్య ఫోను నా చేతిలో పెట్టేశాడు.
పంది పడని కంచం కోసం వెతికి వెతికి
ఆఖరికి పచ్చటి ముద్దొకటి చూశా, మీద పుట్టగొడుగులు.
పెద్దది చేశా.
సంగటి.
మాది జొన్న, వాళ్లది మొక్కజొన్న, అంతే.
కనిగిరి దగ్గర మా అమ్మ తెడ్డేసి గెలికిందే,
బళ్లో క్యారేజీ మూత అడ్డం పెట్టుకుని నేను మింగిందే.
పద్దెనిమిది యూరోలంట.
రూపాయల్లోకి గుణించబోయి
ఊరుకున్నా.

అప్పుడొచ్చింది ఆ ఫొటో.
స్టేషనుకెదురుగా, ఐదు చుక్కలది.
రిసెప్షను బల్ల, నల్లగా, పొడుగ్గా,
దాని మీద చిన్న గంట, ఒక పూలకుండీ.
రెండు వేళ్లతో లాగా.
నలుపులో బంగారు రవ్వలు.
"మనదే" అన్నాడు చెంచురామయ్య గొంతు తగ్గించి,
తప్పిపోయిన గేదెని పరాయి దొడ్లో చూసినట్టు.

మనదే.
రామతీర్థం వైపుదో, ఇటుపక్కదో చెప్పలేను.
ఏ ఏటిదో, ఎవరి చేతుల మీద తెగిందో.
పీరయ్యకి రెండు వేళ్లు పోయిన రోజు బ్లాకేనేమో,
కాదేమో.
రాయికి పేరుండదు, సుద్దతో రాసిన నంబరుంటుంది,
మొదటి నీళ్లకే అదీ పోతుంది.

గది రాత్రికి నలభై వేలు.
అతను నవ్వాడు, నేనూ నవ్వా.
కరెంటొచ్చింది.

పొద్దు గూకేలోపు బుక్ చేసేశాం: స్టేషను వెనక సందులో, రెండు చుక్కలు,
చెక్క నేల, నడిస్తే కిర్రుమంటుందని ఎవరో రాశారు.
రంపాల కింద కునుకు తీసేవాళ్లకి కిర్రొక లెక్కా.

ఇంటికెళ్లి ఫొటోలన్నీ చూపిస్తే
మస్తానమ్మ అడిగింది ఒకటే:
"బాత్రూములో చెంబుంటదా?"
నిజమే. అంతమంది అన్ని రాశారు గానీ
ఆ మాట ఒక్కరూ రాయలా.
గోంగూర పచ్చడి సీసా పక్కనే
స్టీలు చెంబు బోర్లించింది పెట్టెలో.

ఇంకోటి అనుకున్నా, ఆమెకి చెప్పలేదు.
మూడోరోజు పొద్దున్నే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
ఆ పెద్ద హోటలుకి పోతా.
ఒక కాఫీ అడుగుతా, ఎంతైనా కానీ.
ఆ బల్ల అంచు కింద, వచ్చేపోయేవాళ్ల చెయ్యి తగలని చోట,
మేం పాలిష్ పట్టకుండా వదిలేసే గరుకు కొంచెం ఉంటుంది.
అక్కడ వేలు పెట్టి చూస్తా.