మధ్యలో మెలిక

వాన్ నైజ్‌లో వాళ్ళ వంటింటి బల్ల మీద
ఒకే టైప్‌రైటర్, రెండు యాష్‌ట్రేలు.
ఇర్మా కూర్చుని కొట్టేది.
హెర్షెల్ ఫ్రిజ్‌కీ తలుపుకీ మధ్య
కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ చెప్పేవాడు.
తిరిగిన దారంతా లినోలియం అరిగి
నల్లగా ఒక పిల్లకాలువ తేలింది.

నేను కార్బన్ కాగితాలు సర్దేదాన్ని.
ఆ ఇంట్లో నవ్వింది నేనొక్కదాన్నే.
మంచి మాట పడితే
ఉప్పు సరిపోయిందన్నట్టు
"ఊఁ, నవ్వొస్తుంది" అనేది ఆమె,
కింది లైనుకి పోయేది.

ఒక మార్చిలో అతను సూట్‌కేసు సర్దుకున్నాడు.
గుమ్మంలో ఆగి ఏదో అన్నాడు.
ఆమె ఇంకేదో అంది.
ఒక్క క్షణం ఇద్దరూ
ఒకే జేబులో చెయ్యి పెట్టిన దొంగల్లా చూసుకుని
టైప్‌రైటర్ దగ్గరికి పరుగెత్తారు.
అదే పద్నాలుగో ఎపిసోడ్.
జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.
సూట్‌కేసు మాత్రం వారం రోజులు హాల్లోనే ఉంది,
ఎవరూ విప్పలేదు.

తెర మీద వాళ్ళ పేర్లు మూడు సెకన్లు.
మధ్యలో "మరియు" అని అక్షరాల్లో వేస్తే
ఎవరిది వాళ్ళు రాశారని లెక్క.
జంతికలా చుట్టుకున్న ఆ గుర్తు వేస్తే
కలిసి రాశారని.
ఒకసారి స్టూడియో వాళ్ళు అక్షరాల్లో వేసేశారు.
రాత్రి పదకొండింటికి హెర్షెల్ ఫోనెత్తి
"మాకు విడాకులిచ్చారట,
ఒక కార్డు ముక్కైనా రాయలేదేం?" అన్నాడు.
కార్డు ముక్క ఆమెది. వెనకనుంచి అందించింది.

రచయితల గదిలో కాఫీ ఎవరు పోస్తారంటే
తొమ్మిదిమంది మగాళ్ళూ ఆమె వైపే చూసేవాళ్ళు.
పోసేది.
అతని కప్పు ఒక్కటీ వదిలేసేది.
అది జోకో కాదో
ముప్పై ఏళ్ళయినా అతనికి తేలలేదు.

తర్వాత కుర్ర నిర్మాతలొచ్చారు.
నవ్వు తొందరగా రావాలన్నారు.
తర్వాత ఫోన్లు రాలేదు.
తర్వాత హెర్షెల్.

మొన్న ఇర్మాని చూడబోయాను.
ఏ దేశంలోనో పాత ఎపిసోడ్ మళ్ళీ వేశారట,
చెక్కొచ్చింది. ఎనభై మూడు సెంట్లు.
రెండు పేర్లు, మధ్యలో మెలిక.
"ఇద్దరూ సంతకం పెట్టాలట బ్యాంకులో," అంది.
నాకు నవ్వాగలేదు.
ఆమె నవ్వలేదు.
నేలమీద అరిగిన చోటు వైపు
తల కాస్త వంచి, వింటున్నట్టు ఆగి,
"ఊహూఁ. 'ఇద్దరూ' చివర్న పడాలి" అంది.

"బ్యాంకులో సంతకం పెట్టాలట,
ఇద్దరూ."