మేకుల సంగతి

మా చెప్పుల కొట్టు నేల మీద
తెల్ల పెంకుల వరస ఒకటి పోతుంది.
అటు బెల్జియం, ఇటు హాలండ్.
వీధి తలుపు ఎటుంటే ఇల్లు ఆ దేశానిదని మా ఊరి లెక్క.
తాత రెండు తలుపులు పెట్టించాడు.
పన్నువాడు ఒకదాంట్లోంచి వస్తే
ఆయన రెండోదాని దగ్గర కూర్చునేవాడట.

ఆ మార్చిలో రెండు తలుపుల్లోంచీ కాగితాలొచ్చాయి,
యజమానులకు సూచనలంటూ.
యజమానంటే నేనే:
నలుగురు పనివాళ్లు, మూడు మిషన్లు, తోలు షావుకారుకి బాకీ.

మనిషికీ మనిషికీ మీటరున్నర.
ఆ ఒక్క మాట మీద ఇద్దరూ కలిశారు.
టేపు కనబడక
నలభై మూడో నంబరు బూట్లు వరసగా పేర్చి కొలిచాను.
ఐదు బూట్లు, పైన ఓ బొటనవేలు.

జీతాల సాయానికి అటు ఫారం
పనిలేని రోజులెన్నని అడిగింది,
ఇటుది బేరం ఎంత పడిపోయిందని.
రాత్రంతా ఒకే నష్టాన్ని రెండు రకాలుగా కూడాను.

ఎండాకాలానికి మాస్కు దగ్గర చెడింది.
హాడెవిక్ మిషను అటు, కట్టుకోవాలి.
యోరిస్ మిషను ఇటు, అక్కర్లేదు.
దారపుండ దొర్లి గీత దాటితే
వాడు మాస్కు తగిలించుకుని వెళ్లి తెచ్చుకునేవాడు,
వెనక్కొచ్చి విప్పేసేవాడు.
రోజుకి పదిసార్లు.
కావాలనే దొర్లించేవాడని
హాడెవిక్ నవ్వు విని ఆలస్యంగా పట్టుకున్నాను.

హ్యూబ్ మాత్రం వినలేదు.
నలభై ఏళ్లుగా పెదాల మధ్య మేకులు పట్టుకుని
ఒక్కొక్కటే తీసి మడమలు కొట్టేవాడు.
"మూతి కట్టేస్తే మేకులెక్కడ పెట్టుకోను?"
రెండు దేశాల కాగితాలూ చివరిదాకా తిరగేశాను.
చేతులు ఎన్ని క్షణాలు కడగాలో ఉంది,
కిటికీ ఎంత తెరవాలో ఉంది.
మేకుల సంగతి లేదు.
సార్డీను డబ్బా ఒకటి కడిగి అతని ముందు పెట్టాను.
రెండ్రోజులు వాడాడు. మూడో రోజు నేను చూడనట్టు ఊరుకున్నాను.

అక్టోబరులో అతనికి మంచం ఏ వైపు ఖాళీ ఉందో వెతికారు.
దొరికింది. ఆలస్యమేమీ కాలేదు.
అయినా.

నిన్న ఒకావిడ పాత బూట్లు తెచ్చింది, మడమ ఊడిందని.
పట్టకారుతో లాగాను.
ఐదు మేకులు, ఐదూ కాస్త ఎడమకి వాలి.
ఎవరి చెయ్యో ఆవిడకి చెప్పలేదు.
కొత్తవి కొట్టిచ్చి, డబ్బులు తీసుకుని,
వంకర తియ్యకుండానే వాటిని
ఆ డబ్బాలో వేశాను.