ఎర్ర ట్యాగు

ఎర్ర ట్యాగు కట్టిన కవరు
పొద్దున్నే నా టేబుల్ మీద పడింది.
"సుంకన్నా, రేపు సాయంత్రానికి ఇది పైకి పోవాల" అన్నాడు ఎస్సై.
ఇరవై ఆరేండ్ల స్పెషల్ బ్రాంచిలో
ఒక ఫైలు పక్కన 'రేపు' అనే మాట వినడం
ఇదే మొదలు.

పాస్‌పోర్టులు నా సొరుగులో ఎండాకాలాలు గడిపినాయి.
నా ప్రమోషన్ కాగితం యాడుందో
దాచిన గుమాస్తాకే గుర్తులేదు,
వాడు రిటైరయ్యి మూడేండ్లు.

కవర్లో ఒక పేరు: దూదేకుల మాబున్ని.
ఇరవై నాలుగేండ్లు. సాంకేతిక నిపుణురాలు.
ఏ శాఖ, ఏ ఊరు, ఏ పని
ఆ గడుల మీద నల్ల సిరా పూసి ఉండాది.
రాత పరీక్ష లేదంట. ఇంటర్వ్యూ ఒక్క గంటంట.
సరిహద్దు నోటిఫికేషన్ కోసం కాసుకోని కూర్చోదు కదా.

కర్నూలు బుధవారపేట సందులో
సోడా బండి దగ్గర అడిగినా.
"పరుపులు కుట్టేవాళ్ళ ఇల్లా సార్? ఏం కేసు?"
మఫ్టీలో పోయినా బూట్లు చెప్పేస్తాయి.
కేసు కాదప్పా అంటే
నమ్మినోడు ఈ ఊర్లో ఇంకా పుట్టలేదు.

పదేండ్ల చిరునామా రుజువులు చూపించినారు.
"అంతకు ముందువి?"
"హంద్రీని అడుగు సారూ" అన్నాడు తాత నబీసాబు.

వరద తీసినాక సందంతా బురద, బురదంతా దూది.
ఇంటిల్లిపాదీ నీళ్ళు తాగిన పరుపులు మోస్తాంటే
ఎనిమిదేండ్ల పిల్ల
ఎవరిదో రేడియోను కడిగి మిద్దె మీద ఆరబెట్టిందంట.
ఆరో దినం అది గరగర అనింది.
మా అందరికీ గరగరే.
దానికి మాత్రం
ఆ గరగర వెనకాల ఎవరో మాట్లాడతాండారు.

గోడకున్న ఏకుడు విల్లును
ముసలాయన గోటితో మీటినాడు. తుంయ్.
ఇల్లు కొంచెం వణికింది.
"గింజ యాడుందో నారి చెప్తాది సారూ.
దూది ఏకేది చెయ్యి కాదు,
చెవి."

ఆ పాప టీ తెచ్చింది.
డిప్లొమాలో రెండు సబ్జెక్టులు ఇంకా మిగిలినాయంట.
"మరి వాళ్ళు నిన్నెట్ల పట్టుకున్న్యారు తల్లీ?"
నవ్వింది. "చెప్పకూడదు సార్."
దేశం గుట్టు ఒకటి
నా మొగం మీదే తలుపేసుకునింది.

విదేశాల్లో బంధువులు?
చిన్నాయన, కువైట్‌లో డ్రైవరు.
ఇరుగుపొరుగు అభిప్రాయం?
"మా మిక్సీ బాగుచేసి ముప్పై రూపాయలే తీసుకునింది."
అదీ రాసుకున్నా.
చెవికి మాత్రం ఫారంలో గడి లేదు.

బండి స్టార్ట్ చేస్తాంటే గడపలో నిలబడి
"సార్, వెనక చక్రం బేరింగు పోతాండాది" అనింది.
నాకేమీ వినపడలేదు.
"ఇంకో రెండు వారాలు నడుస్తాది లెండి."

విరుద్ధంగా ఏమీ తెలియరాలేదు
అని రాసి సంతకం పెట్టినా.
నాలుగు గంటలకల్లా కవరు పోయింది.
తొమ్మిదో దినం ఆర్డరు.

పన్నెండో దినం కొత్త బస్టాండులో కనపడినారు.
చేతిలో ఒక బ్యాగు, టికెట్టు హైదరాబాదు దాకా.
బస్సు కదిలినాక
వాళ్ళమ్మ కాశింబి నా దగ్గరికొచ్చింది.
"ఆడ్నుంచి యాడికి సారూ?
ఏం పని చేస్తాది మా పాప?
మీకు తెలిసుంటాది,
రాసింది మీరే కదా."
అందరినీ అడగడానికే జీతం తీసుకునేవాణ్ణి,
"మంచి పనేనమ్మా" అన్నా,
తమ్మ కింద చెమట తుడుచుకుంటా.

మరుసటి దినం ఓర్వకల్లు దావలో
రాళ్ళ మధ్య బండి కీచుమని కూలబడింది.
రెండు వారాలనింది, ఒక్క దినం తక్కువ.
ఆ తప్పును రిపోర్టుకు కలపలేదు.

మెకానిక్కు చక్రం విప్పి, నుజ్జయిన గుండ్లు
అరచేతిలో పోసి చూపించినాడు.
"ముందునించే శబ్దం వచ్చుంటాదే సార్?"
వచ్చింటాది లేప్పా.
వినే మనిషిని
నిన్ననే పైకి పంపిస్తిమి.