బీరు గాలి

సిలిండర్‌కి ఏడాది అద్దె డెబ్బై పౌండ్లట,
లోపలి గ్యాసుకి వేరే లెక్క.
గ్లిన్ వెల్డింగ్ చేసేది
మహా అయితే ఏడాదికి తొమ్మిది ఆదివారాలు.
మిగతా రోజులన్నీ షెడ్డు మూల
అది ఊరికే నిలబడి అద్దె తింటుంది.

చిన్న డబ్బాలూ కొని చూశాడు.
గేటు బందు ఒక్కటి అతికేలోగా
తుస్సుమంది డబ్బా.
గ్యాసు చాలని అతుకు
జల్లెడే.

లనెల్లీలో వాన.
పబ్ మూసేస్తున్న మేవిస్
నేలమాళిగ తలుపు తీసి చూపించింది:
"బీరుని పైకి తోసే గాలి.
నీ మంటకి పనికొస్తుందా?"
పనికొస్తుంది. రవ్వలు కాస్త ఎక్కువ చిమ్ముతాయి, అంతే.
ధరెంతంటే
వాకిట్లో కుంటి బెంచీ వైపు చూసింది,
మూడేళ్లుగా ఇటుక మీద కాలు మోపినది.

గ్లిన్ ముసుగు దించాడు.
ఇన్నాళ్లూ గ్లాసుల్లో నురగై
ఊళ్లో కబుర్లన్నీ విన్న గాలి
కరుగుతున్న ఇనుము చుట్టూ
చప్పుడు చెయ్యకుండా కాపలా కాసింది.

అతుకు గట్టిదే, అందం లేదు.
మేవిస్ కూర్చుని ఊగి చూసింది.
"పబ్బే లేదు,
ఇక దీన్నెక్కడ వేసుకోను?"

గ్లిన్ వినలేదు.
సిలిండర్‌ని రెండు చేతులా ఎత్తి
బరువు చూస్తున్నాడు:
ఇంకా సగముంది.