మూరకి రెండు పూలు తక్కువ

దాలినాయుడు మూర కొలిసి సూసి
"ఏటొదినా, ఈమద్దిన నీ దండ సరిగ్గా వొత్తంది" అన్నాడు.
మెచ్చుకోలే.
నాను మాటాడనేదు.
ఇన్నేళ్ళూ మూరకి రెండు పూలు తక్కువొచ్చీవి నా దండలో.
దొంగకొలత అనీవోడు, రూపాయి కోసీవోడు.
దొంగని నాను కాదని సెప్పనేదు.
దొంగ నా ఒళ్ళోనే పడుకునీది.

అరటినార తడిపి తొడ మీద పరిసి
రెండు మొగ్గలిటు, రెండు మొగ్గలటు ముడెడతా ఉంటే
కదిలే నార కొస మీద దాని కళ్ళు.
ఎనక్కాళ్ళ మీద ఊగి ఊగి
దబుక్కున దూకీది.
కనకాంబరమంటే మరీ పేణం.
వాసన నేని పువ్వు, దానికేటి సరదాయో,
నోట కరుసుకుని పెట్టికిందకి పరుగెట్టీది.

తవుడమ్మ దాని పేరు.
ముందరీతలో పిల్లలన్నీ సచ్చిపోతే
దోసెడు తవుడు కూర్మమ్మ సేతిలో పోసి కొన్నాను,
మనుసులకి సేసినట్టే.
కొన్న పిల్ల బతుకుతాదంటారు.
బతికింది. పదమూడేళ్ళు.

మాయిద్దరికీ వీధిలో ఒకటే పేరు.
పెళ్ళిమాటలకెల్లీవోళ్ళు, పరీచ్చకెల్లీ గుంటలు
గుమ్మం దిగీముందు తోవ సూసుకునీవోళ్ళు,
పిల్లొత్తందేమో, నానొత్తన్నానేమో.
ఎవులెదురైనా ఎనక్కెల్లి
మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి.
నాను గోడవారకి తప్పుకునీదాన్ని.
తవుడమ్మకి ఆ గేనం నేదు.
తోక నిక్కబెట్టి నడిమజ్జిన నడిసీది.

మావోడు పోయిన పదోనాడు
ఆకరిసారని తలనిండా ఆలే పూలెట్టినారు,
ఆలే తీసీసినారు.
"ఇంక పెట్టుకోకు" అన్నాది మాయత్త.
కట్టొద్దని అననేదు. కడితేనే కదేటి కూడు.
ఆదివారం అరసవిల్లి జనానికి ఏబై మూరలు.
వేళ్ళకి మల్లెల వాసన, ముడికి కొబ్బరినూని వాసన.
రాత్రి మిగిలిన తుంపొకటి
దాని మెడకి సుట్టీదాన్ని.
కాసేపుంచుకునీది, తరవాత పీకీసీది.
దాని పూలు అదే పీకీసుకునీది.
అలాగ ఎవులికుంటాది!

భీష్మ ఏకాశి ఎల్లిన రెండోనాడు
నీళ్ళపొయ్యి కాడ ఎచ్చటి బూడిదలో
ఒత్తిగిల్లి పడుకుని నెగనేదు.
పాతసీర ముక్కలో సుట్టి
పాతవంతెన కింద నాగావళి ఇసకలో
మోసేతి లోతు తవ్వినాను.
రెండు మూరలు, కొలిసి, తక్కువ నేకుండా
మెడకి సుట్టినాను.
పూలతో ఎల్లిపోనాది, పునిస్త్రీలాగ.
పీకుతాదేమోనని సూసినాను.
ఇసక కప్పడానికి సేలాసేపు పట్టింది.

"పిల్లికి మైలేటే? తానం సేసొచ్చి టీ తాగు" అన్నాది కూర్మమ్మ.
నిజిమే. పిల్లికి మైల నేదు,
దినం నేదు, పిలవడానికి సుట్టాల్నేరు.
మనిసి పోతే పూలు మానీసినామంటే
వీధికి తెలుస్తాది, ఎందుకని అడగరు.
ఎప్పుడో మానీసినదాన్ని,
నానింకేటి మానీను?

రాత్రి పెట్టి జరిపి ఊడుత్తంటే
ఎండిన కనకాంబరం ఒకటి.
దానెనకాల ఇంకోటి.
గోడకానుకుని గుప్పెడు, గుప్పెడున్నర,
రంగుపోయి, బూజు సుట్టుకుని.
పదమూడేళ్ళ తక్కువ పూలు.
ఒకదాని కాడకి పంటిగాటు.
సీపురు పక్కనెట్టి అక్కడే కూకున్నాను.

పొద్దున్న గంపెత్తుకుని కొట్టుకెల్తంటే
కూర్మమ్మ కొడుకు కొత్తబండి తాళం తిప్పుకుంటా గుమ్మం దిగినాడు.
గోడవార కాలీగానే ఉన్నాది.
నాను నడిమజ్జిన నడిసినాను.
నా ముడిలో ఆ గాటుపువ్వు
అడుగడుక్కీ గరగరమంటంది,
పైకెవులికీ కనపడదు.
ఆడు ఎనక్కెల్లి మంచినీళ్ళు తాగుంటాడు.
తాగనీ.