చిల్లుతో సహా

అరండల్‌పేట ఏడో లైనులో, మెట్ల కింద
జిరాక్సు మిషను పట్టేంత చోటు నాది.
రోజంతా ఆధార్ కార్డులు, హాల్ టిక్కెట్లు,
తగాదాలో ఉన్న పొలాల అడంగళ్ళు.
ఈ ఊరి మొహాలు నాకు నలుపూ తెలుపుగానే గుర్తు.

గురువారం సాయంత్రం దివ్యజ్ఞాన సమాజం లైబ్రరీ నుంచి
తాళాలగుత్తి చప్పుడు ముందూ, తను వెనకా
యశోధరమ్మ గారు వస్తారు.
ఆవిడ వెంట సంచులు మోస్తూ ముగ్గురు పిల్లలు:
ఫార్మసీ చదివే రిజ్వానా,
లాంలో వ్యవసాయం చదివే ఏసురత్నం,
ఇంకో అబ్బాయి. పేరు అడుగుదామనుకునేలోపు
తుమ్ముతాడు.

ఆ తుమ్ములు పుస్తకాలవి.
మిర్చియార్డు ఘాటు తొంభై ఎండాకాలాలుగా
ఆ అట్టల్లో కాపురముంది.
పుటల మధ్య పొగాకు,
పురుగు పట్టకుండా గ్రేడింగు షెడ్డు గుమాస్తా ఎవరో పెట్టాడట.
ఆకు పొడైపోయింది.
ఈనె మాత్రం వాక్యాల మీద అడ్డంగా
గోధుమరంగు గీతై కూర్చుంది.

"గట్టిగా నొక్కకమ్మా.
జ్వరం చూసినట్టు మూత వెయ్యి, అంతే."
మిషనుకి అవన్నీ తెలీవండీ అంటే
"నీకు తెలుసుగా" అన్నారు.

కర్మ, సూక్ష్మశరీరం,
కులమూ మతమూ ఆడామగా అడగని సోదరత్వం,
ఇవన్నీ నా గాజు మీద బోర్లాపడుకుని వెళ్ళేవే.
నేను పుట సంఖ్య చూస్తాను, అంచు తెగకుండా చూస్తాను.
చదవడం నా పని కాదు.
చదివితే రూపాయి కాపీ గిట్టుబాటు కాదు.

ఆ రోజు మాత్రం చదివాను.
ఎవరి ఉపన్యాసమో, ఎవరో వింటూ రాసుకున్న నోటుబుక్కు.
ఊదా సిరా. రెండో ప్రతి లేదు.
నలభై ఒకటో పుటలో
'పోయినవారు మనల్ని' అని ఉండి,
అక్కడ రేగుపండంత చిల్లు.
చిల్లుకి అవతల
'కాబట్టి ఏడవడం తప్పు కాదు.'

మా తమ్ముడు పోయి అప్పటికి రెండేళ్ళు.
వాడి డెత్ సర్టిఫికెట్టు ఈ మిషను మీదే తీశాను,
పదకొండు కాపీలు.
డబ్బులు ఎవర్నడగాలో తెలీలేదు.

"మర్చిపోరు, అయ్యుంటుంది" అంది రిజ్వానా.
"కాదు, పిలవరు. కింద 'కాబట్టి' ఉంది చూడు" అన్నాడు ఏసురత్నం.
"చూస్తుంటారేమో" అన్నాడు మూడోవాడు, తుమ్మకుండా.
చదివేవాళ్ళకి వీలుగా పెన్సిలుతో రాసేద్దామా అని
పెన్సిలు కూడా తీశారు.

యశోధరమ్మ గారు కళ్ళజోడు తుడిచి
మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయారు.
"చెద తిన్న మాట చెదకే తెలుసు.
దాని నోట్లో మన మాట పెట్టొద్దు.
చిల్లుతో సహా తియ్యి."

చిల్లులోంచి కింది పుట 'ను' ఒకటి తొంగిచూస్తోంది,
తనదే ఆ చోటన్నట్టు.
వెనక తెల్లకాగితం దూర్చి దాన్ని మూసేశాను.
ఇంత జాగ్రత్తగా నేను ఎవరి ఫొటో కూడా తియ్యలేదు.

ఏడు కాపీలు. రిజ్వానా ఫోనులో ఇంకొకటి,
రాత్రికే తెనాలికీ బాపట్లకీ
బెజవాడ గవర్నర్‌పేటలో గది అద్దెకున్న ఎవరికో వెళ్తుందట.
ఇక అన్ని ఊళ్ళలోనూ
అదే పుటలో, అదే చోట
రేగుపండంత తెలుపు.

ఏడింటికే డబ్బులు తీసుకున్నాను.
ఎనిమిదోది క్యాషు డబ్బా కింద ఉంది.
బేరం లేనప్పుడు తీసి
ఆ తెలుపు మీద వేలు పెడతాను. నున్నగా ఉంటుంది,
అంచు తగలదు.
రోజుకో మాట పెట్టి చూస్తాను, ఒక్కటీ నిలవదు.

నిన్న కరెంటు పోయినప్పుడు తీశానా,
తుమ్మొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు.
కాగితం కొత్తదే, టోనరూ మొన్న వేసిందే.
ఘాటు కూడా కాపీ అయిందో ఏమో.